కుల్సుమ్ భయానికి ఎండిన కట్టె

రెండు వేల ఇరవై రెండు, వానాకాలం. జులైలో ముసురు పట్టి తొమ్మిది రోజులు పొద్దు కనబడలేదు. జిన్నారం రోడ్డు మీద తాజ్ మొహమ్మద్ కట్టెల అడ్డలో మాత్రం కట్టె ఎండుతూనే ఉంది.

పని ఎప్పటిలాగే సాగేది. చెరువు కట్టల మీద కొట్టిన సర్కారు తుమ్మ ట్రాక్టర్లలో వచ్చేది. నర్సింహ దాన్ని గొడ్డలితో చీల్చేవాడు. చీల్చిన పేళ్లను గాలి ఆడేలా అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస పేర్చేవారు. రెండు పేళ్లు తీసి ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమనాలి. అప్పుడే రుద్రారం హాస్టళ్లకో, ఫంక్షన్ హాళ్లకో, కంపెనీ బాయిలర్‌కో లోడు కదిలేది.

ఆ పేర్పుల నడుమ ఒక నులక మంచం, మంచం మీద తాజ్ భార్య కుల్సుమ్. ఆమె భయపడితే వాన ఆమె దగ్గరికి రాదు. చిన్న భయమైతే మంచం మేర, పెద్ద భయమైతే అడ్డ మేర. ఏదో ఒక భయం లేని గడియ ఆమెకు పుట్టినప్పటి నుంచీ లేదు కాబట్టి, వాన చుక్క ఎలా ఉంటుందో ఆమె ఒంటికి తెలియదు.

అందుకని తాజ్ మొహమ్మద్ రోజూ పొద్దున్నే చాయ్‌తో పాటు ఆమెకు ఒక భయం కూడా ఇచ్చేవాడు. ఫలానా మలుపులో లారీ తిరగబడిందనో, పటాన్‌చెరులో గోడ కూలిందనో చెప్పేవాడు. నర్సింహ చెరువులో పామును చూశానని చేతులు చాచి చూపేవాడు. ఆ పాము రోజుకో మూర పెరిగేది. వాడకట్టు ఆడవాళ్లు తడిబట్టలు తెచ్చి ఆమె పక్కన ఆరేసుకుని, కూలి కింద ఒక దయ్యం కథ చెప్పి పోయేవారు. కుల్సుమ్ అన్నీ నమ్మేది. అడ్డలో రేకుల షెడ్డు లేదు, ఒక్క టార్పాలిన్ లేదు. కొనమని ఎవరన్నా అంటే తాజ్ నవ్వేవాడు.

రెండేళ్ల కింద ఆ కథలు పాతబడ్డాయి. లారీలకు, పాములకు ఆమె అలవాటుపడింది. బయటి వరస పేర్పులు తడవసాగాయి. ఆ నెలలోనే తాజ్ తన కొడుకు అర్బాజ్‌ను పక్కనున్న కెమికల్ కంపెనీలో హెల్పర్‌గా పెట్టించాడు. అర్బాజ్ పటాన్‌చెరులో సెల్‌ఫోన్ల రిపేరు నేర్చుకుంటానని బతిమాలాడు. తాజ్ వినలేదు, కంపెనీ పని గట్టి పని అన్నాడు. వాడు డ్యూటీ ఎక్కిన రోజు నుంచి అడ్డలో చుక్క పడలేదు. కంపెనీ సైరన్ మోగినప్పుడల్లా కుల్సుమ్ కొంగు నోట్లో కుక్కుకునేది, వాన రోడ్డు దాటి అవతలికి పోయేది.

పదో రోజు పొద్దున గాలికి కంపెనీలో ఒక షెడ్డు రేకులు లేచిపోయాయి. సూపర్‌వైజర్ మధుబాబు జీపులో వచ్చి అడ్డ ముందు దిగాడు. బీరంగూడలో స్థిరపడిన కోస్తా మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో ఉండేవాడు, ఆ రోజు నిలువునా తడిసి ఉన్నాడు. ఆ షెడ్డులో పద్నాలుగు డ్రమ్ములున్నాయని, నీళ్లు తగిలితే మండే సరుకని, వాటి గోడ వెనకే పెద్ద ట్యాంకులున్నాయని చెప్పాడు. కప్పిన కవర్లను గాలి ఉండనివ్వటం లేదు.

"పక్కా గోడౌన్‌లోకి మార్చాలంటే రెండు గంటలు పడుతుంది భాయ్. మీ ఆవిణ్ణి ఒక్కసారి పంపండి."

"అర్బాజ్ ఏడున్నడు?" అంది కుల్సుమ్.

"ఆ డ్రమ్ముల దగ్గరే ఉన్నాడమ్మా."

అంతే, రోడ్డు మీద వాన ఆగిపోయింది.

"భాభీ పోతే మన కట్టె సంగతేంది?" అని నర్సింహ గొణిగాడు. తాజ్ పేర్పుల వంక ఒకసారి చూసి, రుమాలు తలకు చుట్టుకుని జీపెక్కాడు.

షెడ్డు నడుమ ప్లాస్టిక్ కుర్చీ వేసి ఆమెను కూర్చోబెట్టారు. షెడ్డు చుట్టూ, గోడౌన్ దారి చుట్టూ వాన గోడలాగా దూరంగా నిలబడింది. ఒడిశా కూలీలు డ్రమ్ములను ట్రాలీల మీదికెక్కించి నెట్టసాగారు. తొమ్మిది పోయాయి.

అప్పుడు అర్బాజ్ హెల్మెట్ చేత్తో పట్టుకుని వచ్చి తల్లి పక్కన గొంతుకూర్చున్నాడు. "నేను ఈడనే ఉన్న అమ్మీ. ఏం కాలే."

ఆమె వాడి తల నిమిరింది, మణికట్టు పట్టుకుంది. పొద్దుటి నుంచి బిగబట్టిన ఊపిరి వదిలింది. దారి అవతల నిలబడ్డ వాన షెడ్డు అంచు దాకా వచ్చింది. ఒక చుక్క డ్రమ్ము మూత మీద పడి బుస్సుమంది, జానెడు పసుపు మంట లేచింది. ఎవరో ఇసుక పోశారు.

"అమ్మా, దయచేసి భయపడండి," అని మధుబాబు చేతులు జోడించాడు.

తాజ్ లారీల గురించి చెప్పాడు, పాముల గురించి చెప్పాడు. కొడుకు చెయ్యి చేతిలో ఉన్న మనిషికి అవేవీ ఎక్కలేదు. ఇంకో చుక్క పడింది, ఇంకో మంట లేచింది.

"అర్బాజ్, పో బేటా," అన్నాడు తాజ్. "పోయి ఆ డ్రమ్ముల నడుమ నిలబడు. అమ్మీకి కనబడేటట్టు."

కుల్సుమ్ మొగుడి మొహంలోకి చూసింది.

"వాడు వద్దంటున్నా ఈ కంపెనీల పెట్టినవ్. గిందుకేనా?"

తాజ్ ముందుకొచ్చి కొడుకు మణికట్టు మీది ఆమె వేళ్లను ఒక్కొక్కటే విప్పాడు. అర్బాజ్ పోయి ఐదు డ్రమ్ముల నడుమ నిలబడి, చేతిని ఒక మూత మీద పెట్టాడు. తాజ్‌కూ భయం వేసింది. కానీ అతని భయాన్ని వాన ఎన్నడూ లెక్కచేయలేదు. ఆమె భయానికి మాత్రం వెనక్కి జరిగి షెడ్డు దాటింది, కంపెనీ గేటు దాటింది, జిన్నారం బస్‌స్టాండులో జనం గొడుగులు ముడిచారు.

ఆఖరి డ్రమ్ము లోపలికి పోయి గోడౌన్ షట్టర్ కిందికి దిగింది. రెండు షిఫ్టుల జనం బతికి బయటపడ్డారు. అర్బాజ్ గేటు బయటికి నడిచాడు.

కుల్సుమ్ కుర్చీలోంచి లేచింది. వాన ఆమె తల మీద పడింది. ఆమె తుడుచుకోలేదు.

"ఇగ ఏం సూపిచ్చి బెదిరిస్తవ్ నన్ను?" అంది తాజ్‌తో. ఆ తర్వాత కొడుకు వెనక పోయింది.

ఆ వారంలోనే అడ్డలో కట్టెంతా నాని బూజు పట్టింది. దసరాకు అడ్డ మూతపడింది. కుల్సుమ్ పటాన్‌చెరులో సెల్‌ఫోన్లు రిపేరు చేసే కొడుకు దగ్గర ఉంటుంది, తాజ్ మొహమ్మద్‌తో మాట్లాడక మూడేళ్లయింది.