ఆయన వదిలిన సగం

"ప్రపంచంలో ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి ఊబకాయమట" అని పేపరు చదువుతూ మా ఆయన నా వైపు చూశారు. ఇంట్లో ఉన్నది నలుగురమే అయినా, ఆ ఒక్కరూ ఎవరో తేలిపోయింది. నేను అంట్లు తోముతున్నాను.

ఆయనకి ఆ మాట అనే హక్కు కొత్తగా వచ్చింది. ఆర్నెల్ల క్రితం ఆయన డాక్టరు "కంచంలో సగం తిని సగం వదిలేయండి" అన్నారట. ఈయన మాట తప్పని మనిషి. రోజూ కచ్చితంగా సగం వదిలేసి చెయ్యి కడుక్కుంటారు. ఆరు కిలోలు తగ్గారు. ఆఫీసులో చప్పట్లు కొట్టి పూలగుత్తి కూడా ఇచ్చారు. "అంతా మనోబలం" అని ఫోనులో అందరికీ చెబుతుంటారు. వదిలిన సగానికి మనోబలం ఎక్కడిది, పాపం, కంచంలోనే కూర్చుని నన్ను చూస్తుంది. "అన్నం పారేస్తే పాపమే తల్లీ, ఆ కాస్తా నోట్లో వేసుకో" అంటారు అత్తయ్య. పిల్ల వదిలింది, ఆవిడకి సహించనిది, గిన్నె అడుగున మాడింది, అన్నీ ఆ 'కాస్త'లోకే వస్తాయి. ఆయన తగ్గిన ఆరు కిలోలూ గడప దాటలేదు, నా నడుముకి చేరాయి. "ఒకే ఇల్లు, ఒకే వంట. నీకెందుకు తగ్గదూ?" అంటారాయన.

రక్తపరీక్ష చేయించుకునేదాకా నేనూ నవ్వుకునేదాన్నే. షుగరు అంచు మీద ఉందని, మూడు నెలల్లో బరువు తగ్గకపోతే జీవితాంతం మాత్రలేనని డాక్టరమ్మ చెప్పింది. మా అమ్మకి చూపు పోయింది ఆ జబ్బుతోనే. ఏం తింటున్నానో వారం పాటు రాసుకురమ్మంటే, నిజాయితీగా రాసుకెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని పైకే చదివింది. "పాప వదిలిన ముక్క. ఆయన సగం. అత్తయ్యగారికి ఉప్పెక్కువైన కూర." పేజీలన్నీ తిరగేసింది.

"ఇవన్నీ వాళ్ళ కంచాలమ్మా. మీ కంచం ఏదీ?"

పదహారేళ్ళుగా వంటగట్టు దగ్గర నిలబడే తింటున్నాను.

మర్నాడు ఆదివారం. అందరికీ వడ్డించి, నేనూ ఒక కంచం పెట్టుకుని, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పిల్ల నవ్వింది. అత్తయ్య కూర గిన్నె వైపు చూసి, నా వైపు చూశారు. ఆయన సగం తిని, తీసెయ్యమన్నట్టు అలవాటుగా కంచం నా వైపు జరిపారు. నేను వెనక్కి జరిపాను.

"మరి అదేం చెయ్యమంటావే?" అన్నారు అత్తయ్య.

"నన్నడక్కండి అత్తయ్యా. వదిలింది ఆయన."

ఆయన ఆ సగాన్ని ఎన్నడూ చూడనట్టు చూశారు. "అయితే రోజూ ఇదంతా ఏమవుతోంది?"

వెటకారం కాదు. నిజంగానే తెలియదు ఆయనకి. నాకు ఒళ్ళు మండింది, వెంటనే నవ్వూ వచ్చింది.

"తిన్నాక చెప్తాను" అన్నాను. అన్నం వేడిగా ఉంది.