ఎక్కువ వేసిన మూడేండ్లు

అంటే ఈ ఇంటికి వచ్చిన రోజున తనకు పద్దెనిమిది కాదు, పదిహేనే. మారెక్కకు తెలియని సంగతేమీ కాదు అది. తెలిసిన సంగతే అత్త నోట విన్నప్పటి నుంచి, రాట్నం తిప్పుతున్న చెయ్యి మధ్యలో ఆగిపోతోంది. పట్టుపోగు కండె మీద ఒకే చోట పేరుకుపోతోంది. లోపల గుంత మగ్గంలో కూర్చున్న కుళ్ళాయప్ప, "కండెలు యాడ?" అని కేకేశాడు. పద్దెనిమిదేళ్ళుగా ఆమె వంక చూడకుండా మొగుడు అడిగే మాట అదే. చీర మగ్గం దిగాక షావుకారు "కుళ్ళాయప్ప నేసిన చీర" అంటాడు. కండెలు చుట్టింది ఎవరు, తెగిన పోగులు అతికింది ఎవరు అని ఆయనా అడగడు, కుళ్ళాయప్పా చెప్పడు. ఒకప్పుడు అది గుచ్చుకునేది. తరవాత వేలికి కాయ కాచినట్టు అక్కడా కాచింది.

అత్త ఓబమ్మ తన పక్కన కూర్చుని మాట్లాడింది ఈ మధ్యనే, మొట్టమొదటిసారి. ఆ రోజు ఆడబిడ్డ త్రివేణి, ఆమె మొగుడు శ్రీనివాసులు అనంతపురం నుంచి వచ్చారు. శ్రీనివాసులు గవర్నమెంటు టీచరు. మూడేళ్ళ కిందట గడ్డలని త్రివేణికి గర్భసంచి తీసేశారు. పిల్లలు లేరు. వాళ్ళిద్దరి బిడ్డను ఇంకొకామె కడుపులో పెంచే వీలుందని డాక్టరు చెప్పిందట. మోసే ఆమెకు పెళ్ళయి, సొంత బిడ్డ ఉండాలి. వయసు ఇరవై అయిదుకూ ముప్పై అయిదుకూ మధ్య ఉండాలి. జన్మలో ఒక్కసారే మోయాలి. వైద్యం ఖర్చు, మూడేళ్ళ ఇన్సూరెన్సు తప్ప ఒక్క రూపాయి ఇవ్వకూడదు.

"ఇచ్చేదానికి నాకు మనసు లేక కాదు చెల్లెలా," అన్నాడు శ్రీనివాసులు మారెక్కతో. "దుడ్లు ఇస్తే జైలని చట్టంలోనే ఉండాది. ప్రేమతో చేయాలంట."

కుళ్ళాయప్ప నవ్వాడు. "మా ఇంట్లో ఏ పనికి దుడ్లు ఇస్తాండాం బావా? చట్టం రాసినోడు మా ఇల్లు చూసే రాసుంటాడు."

అందరూ నవ్వారు. మారెక్క కూడా నవ్వింది. తను ఎందుకు నవ్విందో ఆ తరవాత చాలా రోజులు ఆలోచించింది.

అప్పుడే ఓబమ్మ కోడలి వీపు మీద చెయ్యి వేసింది. "నీ కడుపు సల్లనిది మారీ. నా బిడ్డకు నువ్వే దిక్కు." ఆ చెయ్యి వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం కింద ఇంకో మాట కదిలింది. పదిహేడేళ్ళ కిందట మొదటి బిడ్డ కడుపులోనే పోయినప్పుడు, ఇదే నోరు, ఇదే వాకిట్లో, పది మంది వింటుండగా అన్నది: "నీది కడుపు కాదు, సున్నం బట్టీ. ఏది పడినా కాలిపోతాది."

త్రివేణి సాయంత్రం ఒంటరిగా వంటింట్లోకి వచ్చింది. మారెక్క పెళ్ళి నాటికి ఆ పిల్లకు పన్నెండేళ్ళు. కొత్తకోడలిని గచ్చకాయలు ఆడదాం రమ్మని పిలిచింది ఈ ఇంట్లో అది ఒక్కటే. ఇద్దరూ గచ్చు మీద కూర్చుని ఆడుతుంటే అత్త వచ్చి ఒకర్ని బడికీ, ఒకర్ని అంట్లకూ తోలింది. ఇప్పుడు త్రివేణి గోడకు ఆనుకుని, "నీకు ఇష్టం లేకుంటే చెప్పు వదినా. నన్ను తిట్టుకుంటా మోయొద్దు," అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మారెక్క కూరలో గరిటె తిప్పుతూ, "చూద్దాంలే," అంది. ఆ పిల్ల మీద తనకు కోపం లేదు. కోపం ఉంటే కాదనడం ఎంత సులువో. రెండోసారి కాన్పుకు పొట్ట కోశారు, మూడో కాన్పుకు నెత్తురు ఆగలేదు. అది చెప్పుకోవచ్చు, అందరికీ అర్థమయ్యే కారణమే. కానీ లోపల అడ్డుపడుతున్నది అది కాదని ఆమెకు తెలుసు. అదేమిటో మాత్రం పేరు దొరకలేదు.

పేరు ఆసుపత్రిలో దొరికింది. డాక్టరమ్మ, "నీకు ఇష్టమేనా?" అని అడిగింది. గదిలో అత్త, మొగుడు, ఆడబిడ్డ, ఆమె మొగుడు. మారెక్క నోరు తెరిచేలోపే, "ఇష్టం లేకుండా ఇంత దూరం వస్తాదా మేడం," అంది ఓబమ్మ. డాక్టరమ్మ మారెక్కనే చూస్తూ చెప్పింది. "పిండం లోపల పెట్టేదాకా ఎప్పుడైనా నువ్వు వద్దనొచ్చు. ఎందుకని ఎవరూ అడగకూడదు." తరవాత ఆధార్ కార్డు తిప్పి చూసింది. ఒకటో తేదీ, జనవరి, 1989. "ముప్పై ఆరు. కుదరదమ్మా."

తల మీది నీళ్ళ బిందెను ఎవరో వెనక నుంచి అందుకుని దించినట్టయింది మారెక్కకు. మెడ తేలికయింది. ఆ తేలిక వల్లనే తెలిసింది ఇన్నాళ్ళూ ఎంత బరువు ఎత్తుకుని ఉందో.

ఓబమ్మ నవ్వింది. "అది నిజం వయసు కాదు మేడం. పెండ్లప్పుడు ఎవరన్నా అడుగుతారేమోనని మేమే మూడేండ్లు ఎక్కువ యేయించినాము. ఓటరు కార్డులో ఎక్కిందే ఆధార్‌లోనూ ఎక్కింది. దీనికి అప్పుడు పదైదే."

డాక్టరమ్మ పెన్ను ఆగింది. ఎవరి వంకా చూడకుండా, ఆధారం చూపించి మార్పించుకు రండి అంది.

దీనికి అప్పుడు పదైదే. ఉప్పు తక్కువైంది అన్నంత తేలిగ్గా. ఈ ఒక్క ముక్క కోసం తను పదిహేడేళ్ళు కాచుకుందని మారెక్కకు ఆ గదిలోనే తెలిసింది. మొదటి కాన్పుకు పెద్దాసుపత్రిలో నొప్పులు పడుతున్నప్పుడు నర్సు అరిచింది, "ఈ పిల్లకు ఎన్నేండ్లు?" అని. "పంతొమ్మిది," అంది అత్త. నర్సు నమ్మక, వంగి తననే అడిగింది. నేర్పించిన మాట నోటికి వచ్చింది. "పంతొమ్మిది." కార్డులో అదే రాశారు. పంతొమ్మిదేళ్ళ ఆడదాని కడుపులో బిడ్డ చచ్చిపోతే, లోపం కడుపుదే కదా. అక్కడ పదహారేళ్ళని తెలిసిన ఇద్దరిలో ఒకరు సున్నం బట్టీ అన్నారు. రెండో ఆమె తను. తను నమ్మింది. అబద్ధం చెప్పిన నోరు తనది కాబట్టి, బిడ్డ చావులో తనకూ వాటా ఉందనుకుంది. ఒకరికి చెప్పుకునే దుఃఖం కూడా కాదది. అప్పుడు ఎవరైనా ఒక్కరు "దానికి పదహారే, అది పసిపిల్ల" అని ఉంటే చాలు. ఆ మాట వాళ్ళ దగ్గర ఇన్నేళ్ళూ ఉంది. అవసరం పడ్డాక బయటికి తీశారు.

ఇంటికొచ్చి ఓబమ్మ ఆ ముచ్చట నవ్వుతూ చెబుతుంటే, పదో తరగతి చదివే కూతురు పుస్తకం లోంచి తలెత్తింది. "అంటే అప్పుడు నీకు నా వయసా అమ్మా?" "సదువుకో," అన్నాడు కుళ్ళాయప్ప.

"కండెలు యాడ? చెప్తాంటే యినపడలేదా?" మగ్గం ఆగింది. మారెక్క చుట్టినవి తీసుకెళ్ళి అతని పక్కన పెట్టింది. "తొందరగా కానీ. పదికల్లా ధర్మవరంలో ఉండాలన్నాడు బావ," అన్నాడతను.

ధర్మవరంలో కోర్టు ఎదురుగా ఒక రేకుల కొట్టులో నోటరీ రామదాసు కూర్చుంటాడు. శ్రీనివాసులు అప్పటికే వచ్చి ఉన్నాడు. మారెక్క చదివిన బత్తలపల్లె బడి నుంచి అతనే తెచ్చిన సర్టిఫికెట్టు బల్ల మీద ఉంది. పుట్టిన తేదీ 9-3-1992. ఏడో తరగతి వరకు చదివింది. నడవడి: మంచిది. తనకో పుట్టినరోజు ఉందని మారెక్క మొదటిసారి చూసింది. మార్చిలో, ఎండలు ముదరక ముందు.

రామదాసు టైపు చేసిన అఫిడవిట్ చదివాడు. "నా అసలు పుట్టిన తేదీ పైన తెలిపినదే. మా ఇంటి పెద్దలు పొరపాటున వయసు మూడేళ్ళు ఎక్కువ వేయించినందున..."

"పొరపాటున అని ఎందుకు సార్?" అంది మారెక్క.

రామదాసు కళ్ళద్దాలు పైకి తోశాడు. "అందరూ అట్లే రాస్తారు లేమ్మా. పెండ్లి కోసం యేయించినారని రాస్తే, పదైదేండ్లకు పెండ్లి చేసినామని మీరే రాసిచ్చినట్లే. ఈ కాగితం యాడ పెట్టినా మొదట మీ అత్తకే మర్యాదలు జరుగుతాయి."

"అట్లా రాస్తే నేను దీన్ని ఏ ఆఫీసులోనూ ఇయ్యలేను," అన్నాడు శ్రీనివాసులు, గొంతు తగ్గించి. "నాది సర్కారు ఉద్యోగం. అంతా ఈడికే ఆగిపోతాది చెల్లెలా."

"ఏమే, మొగ్గం ఆడ ఖాళీగా ఉండాది. సంతకం పెట్టు, పోదాం," అన్నాడు కుళ్ళాయప్ప.

మారెక్క కాగితాన్ని తన వైపు తిప్పుకుంది. ముందు త్రివేణి గుర్తొచ్చింది, గోడకు ఆనుకున్న మనిషి. ఆ పిల్లకు ఈ కాగితంతో జవాబు పంపకూడదు.

"అన్నా," అంది శ్రీనివాసులుతో. "నేను మోయను. త్రివేణితో ఆ మాట నేనే చెప్తా. ఈ సాయంత్రమే మీ ఇంటికి వస్తా."

"ఏం మాట్లాడతాండావే?" అన్నాడు కుళ్ళాయప్ప. "మరి ఈడికి ఎందుకొచ్చినావు?"

మారెక్క పెన్ను అందుకుంది. ఏడో తరగతి తరవాత సంతకాలు తప్ప ఏమీ రాయని చెయ్యి. "పొరపాటున" అనే మాట మీద మొదటి నుంచి చివరి దాకా ఒక గీత గీసింది. దాని పైన ఉన్న కొంచెం చోటులో, ఒక్కో అక్షరమూ కూడబలుక్కుంటూ రాసింది: పెండ్లి చేయడానికి. కింద తన పేరు రాసి, సిరా ఆరేదాకా కాగితం మీద నుంచి చెయ్యి తియ్యలేదు.