తొమ్మిది పేర్లు చదివినవాడు

రొయ్యల షెడ్డులో గ్యాసు లీకైన మంగళవారం పొద్దున టైలరు బయటే ఉన్నాడు. కుట్టి తెచ్చిన ఏప్రన్ల మూట దించి ఆఫీసు గదివైపు వెళ్తుంటే, షెడ్డు లోపల్నుంచి తలుపు బాదుతున్న చప్పుడు వినిపించింది. తలుపుకి బయట తాళం. రొయ్యలు ఒలిచే ఆడవాళ్లు మాటిమాటికీ మరుగుదొడ్డికి పోతున్నారని కాంట్రాక్టరు వేయించిన తాళం అది. తాళంచెవి కాంట్రాక్టరు మనుషుల్లో ఎవరి జేబులో ఉందో తేలేసరికి పావుగంట పట్టింది. నూట పంతొమ్మిది మంది దగ్గుకుంటూ, కళ్లు నులుముకుంటూ బయటపడ్డారు. అందరిలోకీ పెద్దది, అందరూ అమ్మమ్మా అని పిలిచే మనిషి మాత్రం నడిచి రాలేదు. మోసుకొచ్చారు. ఆసుపత్రికి చేరేలోపే పోయింది.

గుండెజబ్బు అన్నాడు కాంట్రాక్టరు. తలుపు తీసే ఉందన్నాడు. పోలీసులు అదే రాసుకున్నారు. లోపలివాళ్ల మాట నిలబడాలంటే బయట నుంచి చూసినవాడు ఒక్కడు చెప్పాలి. ఆ ఒక్కడూ మిషను ముందు కూర్చుని ఏప్రన్లు కుడుతున్నాడు. ఆ షెడ్డు పనే అతని బతుకు. పని ఇచ్చే చెయ్యి మనిషి నోరు ఎలా మూస్తుందో తెలియాలంటే ఆ వారం అతన్ని చూస్తే చాలు.

టైలరుకి ఇంకో బాధ్యత ఉంది. వీధి చివరి చర్చిలో ఆదివారం ఆదివారం ప్రార్థన మనవులు చదివేది అతనే. చర్చి వరండాలో గోడకి తాళం వేసిన చెక్క పెట్టె ఒకటి ఉంటుంది. కష్టంలో ఉన్నవాళ్లు ఎవరైనా, ఆరాధనకి వచ్చినా రాకపోయినా, చీటీ రాసి అందులో వేయొచ్చు. ఈ పెట్టె ఊరందరిదీ అని పాస్టరుగారు గొప్పగా చెప్పుకునేవారు. టైలరు చీటీలు ముందుగా చూసేవాడు కాదు. ముందే చూస్తే తన బుద్ధికొద్దీ వడపోసినట్టవుతుందని అతని పట్టింపు. చేతికొచ్చింది విప్పి, ఖంగుమనే గొంతుతో మైకులో చదివేవాడు.

ఆ ఆదివారం నాలుగో చీటీ విప్పాడు.

"శుక్రవారం పొద్దున్నుంచి, తాళం తీసి పారేసేదాకా మేం షెడ్డులోకి వెళ్లం. ఈ సంగతి ఇంకా ఎవరికీ తెలియదు. అందరినీ కూడగట్టేది ఈ తొమ్మిది మంది. వీళ్లకి ధైర్యం ఇయ్యి సామీ."

కింద తొమ్మిది పేర్లు. అందులో ఒకటి అదే షెడ్డులో పనిచేసే సొంత చెల్లెలిది. ముందు బెంచీలో కాంట్రాక్టరు కూర్చుని ఉన్నాడు, చర్చికి కొత్త పైకప్పు వేయించిన పెద్దమనిషి. టైలరు చీటీ మీంచి తలెత్తి ఆయన్ని చూశాడు. తర్వాత తొమ్మిది పేర్లూ తేటగా చదివేశాడు. కాంట్రాక్టరు అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు.

సోమవారం ఆ తొమ్మిది మందినీ గేటు దగ్గరే తిప్పి పంపారు. శుక్రవారం మిగతావాళ్లు తలొంచుకుని అదే తాళం వెనక్కి వెళ్లారు.

శనివారం మధ్యాహ్నం చర్చి వరండాలో షెడ్డు ఆడవాళ్లంతా పోగయ్యారు. షెడ్డులో ఐసు కొట్టే ఆమె అందరికంటే ముందు లేచింది. ఆమె ఆ చర్చి మనిషి కాదు.

"చీటీ రాసింది నేనే. తాళం వేసిన పెట్టె కదా, మీ దేవుడే తీసి చదువుకుంటాడనుకున్నాను. మైకులో చదువుతారని నాకేం తెలుసు?"

పాస్టరుగారు వచ్చారు. "చూడండమ్మా, ఇది ప్రార్థన చేసుకునే చోటు. ఆయన వేయించిన కప్పు కింద కూర్చుని ఆయన్నే అంటే ఎలా?"

"అమ్మమ్మ కూడా ఈ కప్పు కిందే కూర్చునేదండీ," అంది టైలరు చెల్లెలు. "ఆమె పోయినందుకు ఆయన్ని ఒక్క మాట అడిగారా?"

పాస్టరుగారు లోపలికి వెళ్లిపోయారు. చూపులన్నీ మూలన కూర్చున్న టైలరు మీదికి మళ్లాయి.

"టైలరన్నని ఏమీ అనకండి," అంది ఎవరో. "పాపం, చీటీ వచ్చింది, చదివాడు."

ఆ పాపం అన్న మాట తిట్టు కంటే ఎక్కువ తగిలింది అతనికి. మూల నుంచి లేచి నిలబడ్డాడు.

"తెలిసే చదివాను. రెండో ముక్క దగ్గరే అర్థమైంది. మడిచి జేబులో పెట్టుకోవచ్చు. ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు. ఆపితే ఆ చీటీ ఇలా తెమ్మంటాడు, ఇవ్వకపోతే నా పని పోతుంది. అందుకని చదివాను." చెల్లెలి వైపు తిరిగాడు. "ఇంకోటి. ఆ మంగళవారం నేను తలుపు బయటే ఉన్నాను. తాళం చూశాను."



"అమ్మమ్మని పాతిపెట్టిన రోజు నా పక్కనే నిలబడ్డావు కదన్నయ్యా," అంది చెల్లెలు. "ఎలా నిలబడ్డావు?"

 

"మొహాన ఉమ్మెయ్యాలి," అంది ఐసు కొట్టే ఆమె.

"ఉమ్మితే తాళం ఊడదు," అంది చెల్లెలు. "తొమ్మిది పేర్లే తెలిశాయి కాబట్టి తొమ్మిది మందిని పంపాడు. మిగతా పేర్లు కూడా మనమే చెబుదాం. ఎంతమందిని పంపుతాడో పంపనీ."

"పని పోతే పిల్లలకేం పెట్టను?" అంది ఒకామె.

"ఆ గదిలో నువ్వే పోతే ఎవరు పెడతారు?"

పొద్దు వాలేదాకా వాదించుకున్నారు. ఏడ్చినవాళ్లున్నారు, విసురుగా లేచి వెళ్లి మళ్లీ వచ్చి కూర్చున్నవాళ్లున్నారు. చివరికి చీటీల కోసం కాగితాలు చింపారు. రాయడం రానివాళ్లకి వచ్చినవాళ్లు రాసిపెట్టారు.

మర్నాడు పెట్టె మూత పడలేదు. చర్చి ముఖం ఎప్పుడూ చూడనివాళ్లు కూడా వరండా దాటి వీధిదాకా నిలబడ్డారు. ప్రతి చీటీలోనూ ఒక పేరు, ఒకే మాట: తాళం తీస్తేనే పనిలోకి వస్తాను. టైలరు ఒక్కొక్కటే చదివాడు. తన పేరు వినగానే ఐసు కొట్టే ఆమె, అక్కడ ఏమనాలో తెలియక, బడిలో హాజరు పలికినట్టు, "ఉన్నాను," అంది. ఆ తర్వాత అందరూ అదే అన్నారు.

"ఇక చాలు," అన్నారు పాస్టరుగారు.

"ఊరందరి పెట్టె అన్నది మీరేనండి," అన్నాడు టైలరు, ఇంకో చీటీ విప్పుతూ.

కాంట్రాక్టరు ఫోను చెవిన పెట్టుకుని మధ్యలోనే బయటికి నడిచాడు. చీటీలన్నీ అయ్యాక టైలరు తన మాట చెప్పాడు. "ఆ తలుపుకి బయట తాళం ఉంది. నేను కళ్లారా చూశాను. ఇది నా సాక్ష్యం." అప్పటికే గుమ్మం దగ్గర పోలీసులు ఉన్నారు. కూలీలని రెచ్చగొట్టాడని రెక్క పట్టుకుని తీసుకెళ్లారు. పాస్టరుగారు మైకు తీగ చుట్టుకుంటూ తల పైకెత్తలేదు.

జీపు ఎక్కేముందు టైలరు చెల్లెలి వైపు తిరిగాడు. "నన్ను క్షమిస్తావా అమ్మా?"

"అది నా ఒక్కదాని చేతిలో లేదన్నయ్యా. నువ్వు మాత్రం వాళ్లు కొడితే మాట మార్చకు."

"మార్చను."

"చూస్తాం," అంది.

సోమవారం షెడ్డు గేటు దగ్గర ఒక్క మనిషి లేదు. నూట పంతొమ్మిది మందీ పోలీస్ స్టేషను ముందున్నారు. ఐసు కరిగి రొయ్యలు కంపు కొట్టడం మొదలయ్యాక, కాంట్రాక్టరు తాళం తీయించానని, అందరూ పనిలోకి రావచ్చని కబురు పంపాడు. ఎవరూ కదల్లేదు.

"ఇప్పుడు తీసిన తాళం సంగతి తర్వాత. అమ్మమ్మ మీద వేసిన తాళం సంగతి రాసుకోండి ముందు. చూసిన మనిషి మీ స్టేషను లోపలే ఉన్నాడు," అని ఐసు కొట్టే ఆమె ఎస్సైకి చెప్పి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.