వాగులో సంబంధం

వెనక గదిలో చేపలు పెంచి పిల్లలు పెట్టించడం అక్క పని. వాగుల వెంట తిరిగి వాటిని పట్టి తేవడం తమ్ముడి పని. కిందటి వానాకాలం అతను తెచ్చిన ఎర్రంచు చేపలు చాలావరకు దారిలోనే చచ్చిపోయాయి. తొట్టిలోకి ప్రాణంతో దిగింది ఒక్క మగదే. ఆ తరవాత తమ్ముడు వల ముట్టలేదు.

ఆ మగచేప గులకరాళ్ళ మధ్య నోటితో గుంట తవ్వేది. దాన్ని శుభ్రం చేసి, పక్కకి జరిగి, ఎవరో వస్తారన్నట్టు ఎదురుచూసేది. ఎవరూ రాకపోతే ఆ గుంట పూడ్చి ఇంకోచోట తవ్వేది. అది చూస్తుంటే అక్కకి అన్నం సయించేది కాదు.

"ఒక్క ఆడదాన్ని తెచ్చిపెట్టరా," అంది.

"నన్ను పెళ్ళిళ్ళ పేరయ్యని చేస్తావా? నావల్ల కాదక్కా."

"ఇక్కడే పిల్లలు పుడితే కొనేవాళ్ళకి అవే ఇస్తాం. ఇక ఎవరూ వాగు మీద పడరు. ఆలోచించు."

ఆ మాట కాదనలేక, ఆమెనే వెంటబెట్టుకు వెళ్ళాడు. సంబంధం చూడ్డానికన్నట్టు అక్క తల దువ్వుకుని మరీ బయల్దేరింది.

వాగు సన్నబడి ఉంది. మోకాళ్ళ లోతు నీళ్ళలో వంగి వెతకగా వెతకగా ఒక రాతి పక్కన ఒకే ఒక్క ఆడచేప కనబడింది. దాని పొట్ట కింద ఆవగింజలంత పిల్లలు. అక్క వల దించింది. చేప పారిపోలేదు. పిల్లల్ని వెనకేసుకుని వలకి ఎదురొచ్చింది.

"పట్టెయ్. చేతికందింది," అన్నాడు తమ్ముడు.

"మరి పిల్లలో?"

"తల్లి పక్కన లేకపోతే మిగతా చేపలు మింగేస్తాయి." అతనికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

అక్క వల పైకి తీసింది.

"పోనీ, మనవాణ్ణే తెచ్చి ఇక్కడ వదిలేద్దామా?"

"వద్దు. మన తొట్లలో తెగులు వీటికి అంటుకుంటే వాగంతా ఊడ్చుకుపోతుంది. వాడికిక వెనక్కి దారి లేదక్కా."

ఆమె ఒడ్డున కూలబడి కొంగుతో మొహం కప్పుకుంది.

ఆ తరవాత వాగుచేపల జోలికి పోలేదు. తరాలుగా తొట్లలో పుడుతున్నవాటినే పెంచుకుంది. మగచేపకి ఇంట్లోకెల్లా పెద్ద తొట్టి ఇచ్చింది. అది అందులో ఒంటరిగానే బతికి, ఒంటరిగానే పోయింది.

ఇప్పటికీ వాన మొదలైతే ఆమె చేతిలో పని ఆపేసి కిటికీ దగ్గరికి వస్తుంది.

"వాగు నిండుతూ ఉంటుందిరా."

"వెళ్ళి చూసొద్దామా?"

"వద్దులే. చూస్తే తెచ్చుకోవాలనిపిస్తుంది."