వినాయకుడి వైపు తిరిగిన తీగచుట్ట

నేను ఒక రాగి తీగచుట్టను. ఫ్యాను మోటార్లకు చుట్టే తీగనే తెచ్చి, రాజమండ్రి దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో తన్మయి అనే అమ్మాయి నన్ను చేత్తో చుట్టింది. అక్కడి పిల్లలు కడుతున్న చిన్న ఉపగ్రహాన్ని ఆకాశంలో సరైన వైపుకు తిప్పడం నా ఉద్యోగం. నాలో కరెంటు పారితే నేను అయస్కాంతాన్నవుతాను. భూమి తాలూకు అయస్కాంతశక్తి నన్ను పట్టి తిప్పుతుంది, నాతోపాటు ఉపగ్రహమూ తిరుగుతుంది. చుట్టేటప్పుడు తన్మయి వేళ్ళు కోసుకుపోయాయి. అయినా ఆ పని ఇంకొకరికి ఇవ్వలేదు. తన చేతి పని ఒక్కటైనా ఆకాశానికి వెళ్ళాలని ఆమె పట్టుదల.

ఉపగ్రహాన్ని పరీక్షించడం మొదలుపెట్టిన రోజు విశ్వపతి సారు వచ్చారు. అయస్కాంతాల పాఠం చెప్పడంలో ఆ కాలేజీలో ఆయన్ను మించినవారు లేరు. తన కారులోంచి చిన్న వినాయకుణ్ణి తెచ్చి, బల్ల మీద నా పక్కనే నిలబెట్టి, బొట్టు పెట్టారు.

"పని పూర్తయ్యేదాకా స్వామిని ఎవరూ కదపకండి" అన్నారు. అందరూ దణ్ణం పెట్టుకున్నారు.

ఉపగ్రహాన్ని నైలాన్ దారంతో వేలాడదీసి ఉత్తరం వైపు తిరగమన్నారు. నేను వినాయకుడి వైపు తిరిగాను. మళ్ళీ చెప్పారు. మళ్ళీ అటే. కారులో కదలకుండా ఉండటానికి ఆ స్వామి అడుగున గట్టి అయస్కాంతం ఉంది మరి! ఆ సంగతి చెప్పడానికి నాకు నోరేదీ? ప్రోగ్రాం మార్చారు, బ్యాటరీ మార్చారు, చివరికి దారం కూడా మార్చారు. నా భక్తి మాత్రం మారలేదు.

మర్నాడు రాకెట్ సంస్థ నిపుణులు చూడటానికి వస్తున్నారనగా సారుకు కంగారు పుట్టింది. ఉపగ్రహం తిరగకపోతే రాకెట్‌లో చోటు పోయినట్టే.

"చేత్తో చుట్టినవి ఇంతేనమ్మా. కొన్నది పెట్టేద్దాం" అన్నారు.

తన్మయి నన్ను తనే విప్పి, కొత్తదాన్ని బిగించింది. తళతళలాడే విదేశీ సరుకు. అదీ వినాయకుడి వైపే తిరిగింది!

"సార్, ఏమీ అనుకోకపోతే స్వామిని ఒక్కసారి పక్కగదిలో పెడదామాండీ?" అంది తన్మయి.

"ఆయనేం చేశాడమ్మా?" అంటూనే సారు విగ్రహాన్ని పైకెత్తారు. బల్ల మీది స్క్రూలు రెండు దాని అడుగుకు అతుక్కుని లేచొచ్చాయి. సారు ఆ స్క్రూలను ఒక్కొక్కటే పీకి బల్ల మీద పెట్టారు. తర్వాత బూట్లు విడిచి, స్వామిని రెండు చేతులా పట్టుకుని తనే బయటికి తీసుకెళ్ళారు.

ఉపగ్రహం బుద్ధిగా ఉత్తరానికి తిరిగింది.

"సార్, మరి నాది..." అంది తన్మయి, నన్ను చేతిలో పట్టుకుని.

"బాగా తిరుగుతున్నదాన్ని మళ్ళీ విప్పితే రేపటికి అందదమ్మా" అన్నారు సారు, ఆమె మొహంలోకి చూడలేక.

అలా నేను భూమ్మీదే ఉండిపోయాను. బాధపడలేదంటే అబద్ధం.

ఇప్పుడు ల్యాబు అలమరలో ఉంటున్నాను. పక్కనే వినాయకుడు, సారు ఆయన్ను మళ్ళీ కారెక్కించలేదు. ఆకాశం నుంచి మొదటి సంకేతం అందిన రోజు అందరూ చప్పట్లు కొట్టి, మిఠాయిలు తిని వెళ్ళిపోయారు. తన్మయి ఒక్కతే ఆగింది. నన్ను దారానికి వేలాడదీసి చిన్న బ్యాటరీ తగిలించింది. నేను ఎప్పటిలాగే స్వామి వైపు తిరిగాను.

"మొదట్నుంచీ నువ్వు సరిగ్గానే తిరిగావే, పిచ్చిదానా" అంది.