పొక్కల్లేని ఆకులు

మా మేనమామ వెంకట్రాజానిది కేసముద్రం దగ్గర పత్తి చేను. ఆ చేని గట్టు మీది తుత్తురుబెండ ఆకుల రసం మీద నేను వరంగల్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. మామ పంపిన మొదటి సంచీ ఆకుల రసం పోయగానే ప్లేటులోని క్యాన్సర్ కణాలు ఆ దెబ్బకు తట్టుకోలేక చచ్చాయి. మా గైడు సంబరపడి ల్యాబంతా జిలేబీ పంచారు.

రెండో సంచీ ఆకుల రసానికి అదే రకం కణాలు పెళ్లిభోజనం చేసినట్టు బలిశాయి. మూడుసార్లు చేసి చూసినా అంతే. "ముందు నీకు కొలవడం వచ్చా?" అన్నారు గైడు. నాకు ఒళ్లు మండిపోయి మామకు ఫోన్ చేశాను.

"మామా, ఈసారి వేరే చెట్టు ఆకులు పంపినవా?"

"గదే చెట్టు బిడ్డా. మొదటిసారి పెద్ద పెద్ద సార్లు చూస్తరాయె, పురుగు తిని పొక్కలు పడ్డ ఆకులు పంపితే నీ ఇజ్జత్ పోతదని పత్తికి కొట్టే పురుగుమందు రెండుసార్లు కొట్టిన. ఈసారి తీరిక దొరకలే."

"నేను ఆకులు మంచిగ కడిగిన కదనే!"

"కడిగితే పోయేదాన్ని మందంటరా?"

నేను తల పట్టుకున్నాను. "కణాలన్నీ ఆ మందుకే చచ్చినయి మామా!"

"అవునా!" అన్నాడు మామ. "మరి నా పత్తికాయల్ల గులాబీ పురుగు మాత్రం ఆ మందుకు అస్సలు చస్తలేదు బిడ్డా. మీ సారు దగ్గర దాన్ని చంపే ఆకురసం ఏమన్న ఉన్నదేమో జర అడుగరాదూ?"