గంగి కోసం వదిలిన ఎలుకలు

నా కుక్క గంగి మందు తిని చచ్చిపోలేదు, మందు తిన్న ఎలుకను తిని చచ్చిపోయింది. ఆ మందు పెట్టించింది వెంకటరాజు గారు. గారు అనడం నోటికి అలవాటు, మనసులో మాత్రం ఆ మాట లేదు.

భీమవరం అవతల మా ఊళ్లో ముప్పై ఏళ్లుగా ఎలుకలు పట్టేది నేనే. ఏ కన్నంలో ఎలుక ఉందో గంగి వాసన చూసి చెప్పేది, అక్కడ వెదురు బుట్ట పెట్టేవాణ్ణి. గింజ కోసం ఎలుక లోపలికి దూరగానే బుట్టకు కట్టిన ఉచ్చు తాడు దాని మెడకు బిగుసుకునేది. ఆ పొద్దున రాజు గారి చేలోకి దిగే ముందు, గట్టు మీద నిలబడ్డ ఆయన్నే అడిగాను.

"మందేమైనా పెట్టారాండి? కుక్కని తెచ్చాను."

"లేదురా చిట్టియ్యా, నువ్వు కానీయ్."

పెట్టించారు. రెండు రోజుల ముందే నూకల్లో కలిపి, పొట్లాలు కట్టి, కన్నం కన్నానికీ పెట్టించారు. చెబితే నేను దిగనని ఆయనకు తెలుసు. గంగి ముక్కులోంచి నెత్తురు కారుతూ నాలుగు రోజులు నా వాకిట్లో పడుకుంది. ఐదో రోజు లేదు. వెళ్లి చెబితే ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే, "కుక్కే కదరా, ఇంకోటి తెచ్చుకో" అన్నారు.

ఈయన్ని ఊరికే వదలకూడదనుకున్నాను.

దారి చూపించింది రైతు సేవా కేంద్రంలో పనిచేసే వినీల గారు. ఆవిడ రైతుల్ని హెచ్చరిస్తుంటే వెనక నిలబడి విన్నాను. "ఏటా అదే మందు పెట్టకండి. తట్టుకోలేనివి చచ్చిపోతాయి, తట్టుకున్నవి మిగిలి పిల్లల్ని పెడతాయి. ఆ పిల్లలూ తట్టుకుంటాయండి. కొన్నాళ్లకి చేలో అన్నీ అవే ఉంటాయి, మనమే తయారుచేసినట్టు." రైతులు ఫోన్లు చూసుకుంటున్నారు. నేను ఒక్క ముక్క వదల్లేదు.

గంగి లేకపోయినా అడుగుజాడలు చూసుకుంటూ మందు పెట్టిన చేలన్నీ తిరిగాను. పెట్టిన పది రోజులకు కూడా బతికున్నవాటిని, ప్రాణం పోకుండా తాడు వదులు చేసి పట్టాను. మా పనిలో ఒక కట్టుబాటుంది. బుట్టలో పడిన ఎలుకను ప్రాణాలతో వదలకూడదు, వదిలితే అది మళ్లీ ఏ బుట్టలోనూ పడదు, దాన్ని చూసి దాని పిల్లలూ పడవు. మా నాన్న నాకు మొట్టమొదట నేర్పింది అదే. తెలిసే, సంచులకొద్దీ తెచ్చి రాజు గారి చేలో వదిలాను. తినండి, పిల్లల్ని పెట్టండి అని చెప్పి మరీ వదిలాను.

మూడేళ్లు అదే పని. ఆ చేనుకి మురుగు కాలువ ఇవతల నా కూతురు అశ్విని కౌలుకు చేసే ఎకరం ఉంది. పదెకరాల తిండి వదిలి అవి కాలువ ఎందుకు దాటతాయిలే అనుకున్నాను.

నాలుగో ఏడు దాళ్వా పంటకి, రాజు గారి చేను ఇంకా కంకి తీయక పొట్ట మీదుండగా కొడవలి పెట్టినట్టు పడిపోయింది. మందు రెట్టింపు చేశారు. పొట్లాలు ఖాళీ అయ్యాయి, ఎలుకలు బలిశాయి. గట్టు మీద తల పట్టుకుని కూర్చున్న ఆయన్ని చూసి, ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నాను. చివరికి నాకు కబురొచ్చింది.

"చిట్టియ్యా, పాతవి మనసులో పెట్టుకోకు. బుట్టలు పట్రా."

"కుక్క లేదు కదండి. అది లేకపోతే నాకు కన్నాలు తెలియవండి."

ఆ ఒక్క మాట అనడానికే ఇన్నాళ్లూ బతికానేమో అనిపించింది.

ఆయన ఎన్నాళ్లో బాధపడలేదు. వేసవిలో పొక్లెయిన్లు దించి, పదెకరాలూ రొయ్యల చెరువు తవ్వించి నీళ్లు పెట్టించారు. రొయ్యలు పెంచేవాడికి ఎలుకలతో పనేముంది? నీళ్లు నిండిన రోజు అవి గుంపులుగా కాలువలో ఈదుకుంటూ ఇవతలికి రావడం నా కళ్లతో చూశాను.

వానాకాలం సార్వా పంటకి అశ్విని చేను పొట్టకొచ్చింది. మందు పెట్టింది, ఒక్కటీ చావలేదు. "నువ్వుండగా నాకేం భయం నాన్నా" అంటూ నా బుట్టలన్నీ తనే మోసుకొచ్చింది. గట్టు పొడవునా పెట్టాం.

తెల్లారి వెళ్లి చూస్తే ఎనభై బుట్టలూ ఖాళీ. చుట్టూ బురదలో అడుగులున్నాయి, లోపల గింజ కదల్లేదు. చేను సగం కొరికి పడేసి ఉంది. గట్టు మీద ఒక ఎలుక మమ్మల్ని చూసి కూడా పరిగెత్తలేదు. దాని మెడ చుట్టూ వెంట్రుకలు లేని చార ఉంది, నా తాడు ఒరుసుకున్న గుర్తు.

అశ్విని పడిపోయిన వరి దుబ్బు చేతిలోకి తీసుకుంది.

"ఇవేం ఎలుకలు నాన్నా? ఎక్కణ్ణుంచి వచ్చాయి, నీకేమైనా తెలుసా?"

"లేదమ్మా" అన్నాను.

ఆ రోజు గట్టు మీద నిలబడి రాజు గారు కూడా ఇలాగే లేదన్నారు.